పాత ఫోనూ, పక్కగది వైఫై

పోయిన నెల వైఫై రౌటర్ ఎక్కడ పెట్టుకోవాలో ఇక్కడే రెండు ముక్కలు రాశా. దానికి వచ్చిన ఉత్తరాలు చూస్తే జనం బాధంతా రౌటర్ మీద కాదు, ఇంట్లో ఉన్న పాత ఫోన్ మీద. కొత్త ఫోన్లకి బాగానే వస్తోందట, అత్తగారి ఫోన్‌కో, కార్లో పెట్టుకున్న రెండో ఫోన్‌కో మాత్రం అందదట. అందరికీ విడివిడిగా రాసే ఓపిక లేక బెంగళూరు నుంచి వచ్చినవాటిల్లో కొన్ని ఏరి ఇక్కడ వేస్తున్నా. పేర్లు వెయ్యొద్దని కొంతమంది అడిగారు, అందుకని ఎవరివీ వెయ్యలేదు, ఏరియా పేరు చాలు.

ప్రశ్న (రామ్మూర్తినగర్): నమస్తే అండీ. మాది అనంతపురం, పెళ్లయి బెంగళూరొచ్చి పదేళ్లు. మా అత్తయ్యగారి ఫోన్ 2017లో కొన్నది, కొత్తది కొనిస్తామంటే "నాకెందుకమ్మా, దీంట్లో అన్నీ నాకు తెలిసిన చోటే ఉన్నాయి" అంటారు. పొద్దున పూజయ్యాక ఆవిడ గదిలో మంచం మీద కూర్చుని ప్రవచనం పెట్టుకుంటారు, రెండు నిమిషాలాడుతుంది, ఇక గుండ్రంగా తిరగడమే. అదే ఫోన్ హాల్లో బాగానే ఆడుతుంది. అదే గదిలో మా ఆయన ఫోన్ కూడా బాగానే ఆడుతుంది. మా ఆయనేమో ఫోన్ ముసలిదైపోయింది మార్చేద్దామంటారు, కేబుల్ అబ్బాయేమో రౌటర్ మార్చాలంటాడు, అత్తయ్యగారేమో "ముందు బాగానే వచ్చేది, మీరే ఏదో చేశారు" అంటారు. ముగ్గురిలో ఎవరు రైటు?

జవాబు: అమ్మా, మార్కులు వెయ్యమంటే మీ అత్తయ్యగారికే ఎక్కువ వేస్తా. "ముందు బాగానే వచ్చేది" అన్న మాటని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు గానీ అసలు దారం అక్కడే దొరుకుతుంది.

ఫోన్లో వైఫై యాంటెన్నా అంటే పెద్ద యంత్రమేం కాదు, అంచు వెంబడి పరిచిన సన్నటి లోహపు పట్టీ. దానికి ముసలితనం ఏముంటుంది, అది అరగదు, నీరసపడదు. ముసలివయ్యేవి దాని చుట్టూ ఉన్నవి, పట్టీకీ బోర్డుకీ మధ్య ఉండే చిన్న స్ప్రింగ్ కాంటాక్టులు చిలుం పడతాయి, ఫోన్ కిందపడ్డప్పుడల్లా కాస్త కాస్త వదులవుతాయి, బ్యాటరీ ఉబ్బుతుంది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు రావడం ఆగిపోతాయి. మీ విషయంలో ఇవేవీ కావని నా అనుమానం, ఎందుకంటే హాల్లో బాగా వస్తోందన్నారు, యాంటెన్నా ఊడిన ఫోన్ రెండు గజాల దూరంలో కూడా నీలుగుతుంది. ఎందుకైనా మంచిది, రౌటర్‌కి ఆరడుగుల దూరంలో స్టూల్ మీద ఆ ఫోన్నీ మీ ఆయన ఫోన్నీ పక్కపక్కన పెట్టి ఒకే వీడియో ఆడించి చూడండి. రెండూ ఆడితే ఫోన్ మీద నేరం సగం కొట్టేసినట్టే.

మరి గదిలో ఆయన ఫోన్‌కి వచ్చి ఈ ఫోన్‌కి ఎందుకు రాదు? వైఫైకి రెండు దార్లున్నాయి, వాటినే బ్యాండ్లంటారు, 2.4 గిగాహెర్ట్జ్ ఒకటి, 5 గిగాహెర్ట్జ్ ఒకటి. 2.4 నెమ్మది, కానీ గోడలు దాటి దూరం పోతుంది. 5 జోరు, కానీ గోడ అడ్డొస్తే డీలా పడుతుంది. మన దేశంలో 5 బ్యాండ్‌ని ఇంటా బయటా లైసెన్స్ లేకుండా వాడుకోవచ్చని ప్రభుత్వం బాగా విశాలంగా తెరిచింది 2018 అక్టోబర్లో. మీ ఫోన్ అంతకు ముందుది, అప్పటి బడ్జెట్ ఫోన్లలో చాలావాటికి 2.4 ఒక్కటే ఉండేది. మీదీ అదేనా అన్నది ఇట్టే తెలుస్తుంది, రౌటర్లో రెండు బ్యాండ్లకీ వేరువేరు పేర్లుంటే, పేరు చివర 5 ఉన్నది అత్తయ్యగారి ఫోన్ లిస్టులో అసలు కనబడదు.

ఇప్పుడు అసలు సంగతి. 2.4 లో చోటు తక్కువ, మన దేశంలో దాంట్లో ఛానళ్లు, అంటే విడివిడి వరసలు, 1 నుంచి 13 వరకు ఉన్నా ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి మూడే, 1, 6, 11. ఆ ఇరుకులోనే అపార్ట్‌మెంట్ మొత్తం, పక్క బిల్డింగు, ఎదురింటి సీసీ కెమెరా, మీ బ్లూటూత్ హెడ్‌సెట్టూ, వంటింట్లో మైక్రోవేవూ అన్నీ సర్దుకోవాలి. బెంగళూరులో అందరూ అనే "స్వల్ప అడ్జస్ట్ మాడి" (కాస్త సర్దుకోండి) ఇక్కడ కూడా వర్తిస్తుంది, కానీ ఎంతకని అడ్జస్ట్ అవుతుంది? మా హాల్లో నిలబడి స్కాన్ చేస్తే ముప్పై పైచిలుకు వైఫై పేర్లొస్తాయి, మేం ఈ ఇంట్లోకి వచ్చినప్పుడు వేళ్ల మీద లెక్కపెట్టేవాణ్ణి. వాళ్లలో ఒకే ఛానల్లో పడ్డవాళ్లంతా ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు ఆగాలి. మీ ఆయన ఫోన్ ఈ గొడవంతా వదిలేసి 5 మీదికి పోయింది, అత్తయ్యగారి ఫోన్ ఇక్కడే ఇరుక్కుంది. ఆవిడ ఫోన్ మారలేదమ్మా, చుట్టూ ఊరు పెరిగింది.

ఇంకో మాట, ఫోన్ మీద కనిపించే గీతల్ని పూర్తిగా నమ్మకండి. ఎన్ని గీతలు ఎప్పుడు చూపించాలన్నది కంపెనీ ఇష్టం. పైగా ఆ గీతలు చెప్పేది రౌటర్ మాట ఫోన్‌కి ఎంత గట్టిగా వినిపిస్తోందో అంతవరకే, ఫోన్ మాట రౌటర్‌కి వినిపిస్తోందా అన్నది చెప్పవు. గుళ్లో మైకు ఊరంతా వినిపిస్తుంది, మీరు ఇంట్లోంచి కేకేస్తే పూజారికి వినిపిస్తుందా? వీడియో చూడ్డం అంటే ఒట్టి వినడం కాదు, ఒక్కో ముక్క రాగానే "అందింది" అని ఫోన్ తిరిగి చెప్పాలి, ఆ మాట చేరకపోతే రౌటర్ అదే ముక్క మళ్లీ మళ్లీ పంపుతుంది. మామూలు రౌటర్ పంపేదే 0.1 వాట్ దరిదాపుల్లో, ఫోన్ గొంతు సాధారణంగా అంతకన్నా చిన్నది. మూడు గీతలుండి కూడా చక్రం తిరగడానికి ఇదొక కారణం.

అందుకని గీతలు కాదు, అంకె చూడండి. ప్లే స్టోర్లో వైఫై అనలైజర్ అని కొడితే ఉచిత యాప్‌లు బోలెడొస్తాయి, ఒకటి వేసుకోండి. లొకేషన్ అడుగుతుంది, కంగారు పడకండి, చుట్టుపక్కల వైఫై పేర్లు చూపించాలంటే లొకేషన్ ఆన్ చెయ్యాలని ఆండ్రాయిడ్ 6 నుంచీ రూలు. పని అయ్యాక తీసేసెయ్యండి. దాంట్లో మీ వైఫై పేరు పక్కన మైనస్ అంకె ఉంటుంది, డెసిబెల్ లెక్క. మైనస్ 50 అంటే బ్రహ్మాండం, మైనస్ 67 దాకా వీడియోకి ఢోకా లేదు, 70 దాటితే నసుగుడు, 80 దాటితే ఉన్నా లేనట్టే. అంకె 10 దిగిందంటే సిగ్నల్ పదో వంతుకి పడిందని లెక్క, కాబట్టి ఐదారు పాయింట్ల తేడాని కూడా చిన్నచూపు చూడొద్దు. ఫోన్ పట్టుకుని హాల్లోంచి మెల్లగా గదిలోకి నడవండి, ఒక్కో చోట కాసేపు ఆగాలి, ఆండ్రాయిడ్ 9 నుంచీ ఫోన్లలో స్కాన్ రెండు నిమిషాలకి నాలుగుసార్లే. అంకె మెల్లమెల్లగా దిగితే అది దూరం, ఒక్క అడుగులో ధబీమని పడితే అక్కడేదో అడ్డుంది.

ఆ అడ్డు ఏంటో నేను పందెం కాస్తా, బీరువా. మా అమ్మ వచ్చినప్పుడు ఇదే తంటా మా ఇంట్లో జరిగింది. రౌటరున్న గోడకి అవతలివైపు ఇనప బీరువా, దానికి నిలువుటద్దం, దాని నీడలో మంచం. మంచం మీద మైనస్ 79, మంచం దిగి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే 66. నాలుగడుగులు కూడా లేదు. లోహం సిగ్నల్ని వెనక్కి కొడుతుంది, నీళ్లు మింగేస్తాయి, అందుకే చేపల తొట్టి కూడా అడ్డే, ఇక ఇనుము వేసి పోసిన కాంక్రీట్ గోడ సంగతి చెప్పక్కర్లేదు. ఈ మధ్య మీ ఇంట్లో ఏమన్నా జరిపారా? బీరువా, ఫ్రిజ్, టీవీ? "మీరే ఏదో చేశారు" అన్నారు కదా ఆవిడ.

ముందు పైసా ఖర్చు లేనివి చెయ్యండి. రౌటర్ చెప్పుల స్టాండులోనో టీవీ వెనకో ఉంటే బయటికి తీసి ఛాతీ ఎత్తున పెట్టండి, యాంటెన్నాలుంటే నిటారుగా నిలబెట్టండి. రౌటర్ సెట్టింగుల్లోకి పోయి 2.4 కి వేరే పేరు పెట్టండి, ఛానల్ ఆటో తీసేసి 1, 6, 11 లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టండి, ఛానల్ వెడల్పు 40 అని ఉంటే 20 చెయ్యండి, ఇరుకు సందులో లారీ నడపడం ఎందుకు. అంత పాత ఫోన్ 20 వెడల్పులో ఒక్క యాంటెన్నాతో కాయితం మీద అందుకోగలిగేదే 72 ఎంబీపీఎస్, చేతికొచ్చేది అందులో సగం. మీ ప్లాన్ 200 అయినా 300 అయినా దానికి అనవసరం. అయితే ఫుల్ హెచ్‌డీ వీడియోకే 5 ఎంబీపీఎస్ చాలు, ప్రవచనానికి అంత కూడా అక్కర్లేదు. కాబట్టి ప్లాన్ పెంచమని ఎవరన్నా చెప్తే వినకండి, కొత్త ఫోన్ కొనడం కూడా కొంచెం ఆపండి.

ప్రశ్న (హొరమావు): అన్నా, నేను క్యాబ్ నడుపుతా, చిత్తూరు పక్కన పల్లె మాది. డ్యూటీ ఫోన్ ఆరేళ్ల నాటిది. ఇంటికొచ్చినాక వైఫైలో పాప వీడియోలు చూస్తాది, ఈ మధ్య ఊరికే కట్ అవుతాంది. బయట డేటా కూడా ముందంత రాదు. కిందేమీ పడలేదన్నా, నీళ్లు కూడా పడలేదు. ఏమై ఉంటాది?

జవాబు: తమ్ముడూ, డ్యాష్‌బోర్డు మీద ఫోన్ అయస్కాంతం హోల్డర్లో పెడతావా? పెడితే ఫోన్ వెనకాల కవర్ లోపల గుండ్రటి ఇనప బిళ్ల ఒకటి అతికించి ఉంటావు. అదే ముందు పీకెయ్. బిళ్ల యాంటెన్నా దగ్గర పడిందంటే దాని గొంతు నొక్కినట్టే, వైఫైకీ సిమ్‌కీ రెండిటికీ తగ్గుతుంది, నువ్వు చెప్పేది అదే కదా. మధ్యలో అతికించినవాళ్లకి పెద్ద తేడా రాకపోవచ్చు, పైకో కిందికో జరిపి అతికించినవాళ్లకి వస్తుంది, ఎందుకంటే యాంటెన్నాలు ఎక్కువగా పై అంచులోనూ కింది అంచులోనూ ఉంటాయి. బిళ్ల బదులు పక్కల్నుంచి పట్టుకునే క్లిప్పు హోల్డర్ కొనుక్కో.

చెయ్యి పట్టే తీరుతో కూడా సిగ్నల్ మారుతుంది, ఇది కట్టుకథ కాదు. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు ఎడమవైపు కింది మూల అరచేతికి తగిలితే సిగ్నల్ పడిపోతోందని పెద్ద గోలయ్యి, చివరికి కంపెనీయే కొన్నవాళ్లకి ఉచితంగా అంచు కవర్లు పంచింది. పాప ఫోన్ని అడ్డంగా రెండు చేతులతో పట్టుకుంటే రెండంచులూ చేతుల్లో మూసుకుపోతాయి, ఏదో ఒక గ్లాసుకి ఆనించి చూడమను, తేడా నీకే తెలుస్తుంది.

ఇంకొకటి. డ్యూటీ ఫోన్ ఎండలో డ్యాష్‌బోర్డు మీద రోజంతా చార్జింగులోనే ఉంటుంది, అలాంటి ఫోన్లలో బ్యాటరీ ఉబ్బడం చూశా. బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో తిప్పు, బొంగరంలా తిరిగిందంటే వెనక డొక్క లేచినట్టే. డొక్క లేస్తే లోపల యాంటెన్నా కాంటాక్టులు కూడా విడిపోతాయి. అప్పుడు వైఫై సంగతి తర్వాత, ముందు ఆ ఫోన్ చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, పొడవొద్దు, పాప చేతికివ్వొద్దు, నేరుగా షాపుకి తీసుకెళ్లి బ్యాటరీ మార్పించు, పాతది చెత్తబుట్టలో పడెయ్యకుండా వాళ్లకే ఇచ్చెయ్.

ప్రశ్న (బీటీఎం లేఅవుట్): స్క్రీన్ పగిలితే మా వీధి చివర షాపులో మార్పించా. ఆ రోజు నుంచీ వైఫై రౌటర్ పక్కన కూర్చుంటేనే వస్తోంది, గది దాటితే సున్నా. షాపతన్ని అడిగితే స్క్రీన్‌కీ వైఫైకీ ఏం సంబంధం సార్, మీ ఫోన్ పాతది అంటున్నాడు. నిజంగా సంబంధం లేదా?

జవాబు: ఉంది, నూటికి నూరుపాళ్లు ఉండొచ్చు. నేనొకసారి బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్.పి. రోడ్ వెనక సందులో ఒక రిపేర్ బల్ల ముందు గంటసేపు కూర్చుని చూశా, అప్పటిదాకా నాకూ తెలీదు. ఆ కుర్రాడు వెనక మూత వేడి చేసి లేపాడు, లోపల బోర్డు మీంచి కింది అంచుకి ఒక సన్నటి తీగ, లావుపాటి దారమంత ఉంటుంది, రెండు చివర్లా బియ్యపు గింజలో సగమంత బంగారు రంగు గుండ్రటి టోపీ. అదే యాంటెన్నా తీగ. రవిక టిచ్ బటన్ లాగే నొక్కితే టిక్కుమని కూర్చుంటుంది, గోటితో లేపితే లేస్తుంది. స్క్రీన్ మార్చాలంటే చాలా ఫోన్లలో ఆ తీగ లేపాలి, మళ్లీ పెట్టేటప్పుడు టిక్కుమనకుండా ఊరికే ఆనించి మూత వేసేస్తే అంతా బాగున్నట్టే కనిపిస్తుంది, ఫోన్ వెలుగుతుంది, టచ్ పనిచేస్తుంది, వైఫై పేర్లు కూడా కనిపిస్తాయి, దగ్గరున్నవి మాత్రమే. కొన్ని ఫోన్లలో తీగ ఉండదు, స్పీకర్ డబ్బా మీదే యాంటెన్నా పట్టీ ఉంటుంది, అది బోర్డు మీది స్ప్రింగులకి తగలాలి, ఒక్క స్క్రూ తక్కువ బిగించినా సరిగ్గా తగలదు. నేను చూసిన కుర్రాడు తెల్ల రబ్బరుతో ఆ బంగారు చుక్కల్ని సున్నితంగా రుద్ది మళ్లీ బిగించాడు, ఫోన్ ఓనర్ "అన్నా, ఇంతేనా?" అన్నాడు, కుర్రాడు నవ్వి వంద తీసుకున్నాడు.

కాబట్టి అదే షాపుకెళ్లి గొడవ పడకుండా మెల్లగా "యాంటెన్నా కేబుల్ ఒకసారి నొక్కి చూడన్నా, నేనిక్కడే కూర్చుంటా" అనండి, కంటి ముందు చేయించుకోండి. ఆ మాట వాడితే మీకు విషయం తెలుసని అతనికీ అర్థమవుతుంది. మీరు మాత్రం ఇంట్లో విప్పకండి. ఇక వైఫై చిప్ ఊడిందని ఫోన్ని హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చెయ్యడం, ఫ్రిజ్జులో పెట్టడం లాంటి వైద్యాలు ఎవరో చెప్తుంటారు, లోపలున్నది లిథియం బ్యాటరీ అని మర్చిపోయి చెప్పేవే అవన్నీ.

ప్రశ్న (యలహంక): నేను రిటైర్డ్ టీచర్ని. మా అబ్బాయి అమెరికాలో వాడి పక్కన పెట్టిన ఫోన్ నాకిచ్చాడు. దీంతో ఒక విచిత్రం. వారం రోజులు మా వైఫై శుభ్రంగా కనిపిస్తుంది, ఒక్కోసారి హఠాత్తుగా లిస్టులోంచే మాయం. పక్కింటివాళ్లవి కనిపిస్తాయి, మాది కనిపించదు. అదే సమయంలో మా ఆవిడ ఫోన్‌కి కనిపిస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు ఎక్కువగా జరుగుతోందని నా పరిశీలన. నా భ్రమా?

జవాబు: మాస్టారూ, భ్రమ కానే కాదు, సగం రోగం మీరే పట్టేశారు. పైన చెప్పా కదా మనకి 2.4 లో ఛానళ్లు 13 వరకు అని, అమెరికాలో వాడేది 11 వరకే. అక్కడ అమ్మిన ఫోన్లలో కొన్నిటికి 12, 13 అసలు వినిపించవు, వాటి దృష్టిలో ఆ ఛానళ్లు లేనే లేవు. మీ రౌటర్ ఛానల్ ఆటోలో ఉన్నట్టుంది, కరెంటు పోయి వచ్చినప్పుడల్లా చుట్టూ చూసి ఖాళీగా ఉన్న ఛానల్ వెతుక్కుంటుంది, ఎప్పుడైనా 12 మీదో 13 మీదో కూర్చుంటే మీ ఫోన్‌కి ఇల్లే మాయం. మళ్లీ కరెంటు పోయి వస్తే మళ్లీ ప్రత్యక్షం. రౌటర్లో ఆటో తీసేసి 6 అనో 11 అనో ఖాయం చేసెయ్యండి. రౌటర్‌కి చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, చాలా రౌటర్లకి 12 వోల్టులది సరిపోతుంది, మీ అడాప్టర్ మీద వోల్టులు చదువుకుని అదే తెచ్చుకోండి. అదొక్కటే ఈ రోగానికి మందు కాదు గానీ కరెంటు పోయినప్పుడు నెట్ పోకుండా ఉంటుంది.

పాత ఫోన్‌కి వైఫై కనిపిస్తుంది గానీ పాస్‌వర్డ్ కరెక్టుగా కొట్టినా తప్పంటోంది అని ఇద్దరు ముగ్గురు రాశారు, వాళ్లకీ ఇక్కడే చెప్పేస్తా. అది ఎక్కువగా తాళం తేడా. డబ్ల్యూపీఏ 3 అనే కొత్త తాళం 2018లో వచ్చింది, ఆండ్రాయిడ్‌లో అది 10 నుంచే ఉంది. అంతకన్నా పాత ఫోన్‌కి ఆ తాళం తెలీదు, కొన్నిటికి పాత తాళం, కొత్త తాళం రెండూ కలిపి పెట్టిన మిక్స్‌డ్ మోడ్‌లో కూడా తికమకే. రౌటర్ సెక్యూరిటీలో 2.4 వరకు పాత తాళం డబ్ల్యూపీఏ 2 పెట్టండి, 5 కి కొత్తదే ఉండనివ్వండి. పాస్‌వర్డ్ తీసేసి ఓపెన్ మాత్రం పెట్టకండి బాబూ.

ప్రశ్న (మారతహళ్లి): అన్నా నేను పీజీ హాస్టల్లో ఉంటా, జాబ్ వెతుక్కుంటున్నా. ఫోన్ ఆండ్రాయిడ్ 6. వైఫై ఫుల్ గీతలు, కానీ కొన్ని సైట్లు తెరుచుకోవు, కనెక్షన్ ప్రైవేట్ కాదు అని ఏదో ఎర్రగా వస్తాది. కొన్నేమో బానే వస్తాయి. రాత్రి పదికైతే ఏదీ రాదు. రూమ్మేట్ ఫోన్లో రాత్రి తప్ప అన్నీ వస్తాయి. ఓనర్ ఆంటీని అడిగితే "నీ ఫోనే డబ్బా" అంది. ఇంకెవరో నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చెయ్యమన్నారు, చెయ్యనా?

జవాబు: ఇక్కడ రెండు రోగాలున్నాయి, ఒకటి నీది, ఒకటి ఆంటీది. రాత్రి పదికి పీజీ మొత్తం ఒకే రౌటర్ మీద పడితే ఏ ఫోన్‌కైనా అంతే, దానికి నువ్వు చెయ్యగలిగింది పొద్దున్నే ఆరింటికి లేచి డౌన్‌లోడ్లు చేసుకోవడం, లేదంటే నలుగురూ కలిసి ఆంటీని ఫ్లోర్‌కొక రౌటర్ అడగడం.

ఎర్ర హెచ్చరిక మాత్రం సిగ్నల్ సమస్యే కాదు. ముందు తేదీ, టైమ్ సరిగ్గా ఉన్నాయా చూడు, బ్యాటరీ పూర్తిగా చచ్చి లేచిన పాత ఫోన్లు కొన్ని ఎప్పటిదో తేదీలోకి వెళ్లిపోతాయి, అప్పుడు సైట్ల సర్టిఫికెట్లేవీ చెల్లవు. తేదీ బాగుంటే ఇది చదువు. సైట్లకి గుర్తింపు కార్డు లాంటి సర్టిఫికెట్ ఉంటుంది, అది నమ్మదగిందా కాదా అని చూసుకునే లిస్టు ఫోన్లోనే ఉంటుంది. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఉచితంగా ఇచ్చే సర్టిఫికెట్లు లెక్కలేనన్ని సైట్లు వాడుతున్నాయి. వాటన్నిటికీ పునాది అయిన దాని కొత్త మూల సర్టిఫికెట్ ఆండ్రాయిడ్ 7.1.1 కన్నా పాత ఫోన్ల లిస్టులో లేదు, కొన్నాళ్లు వేరే సంస్థ సంతకంతో నెట్టుకొచ్చారు, ఆ ఏర్పాటు కూడా 2024 సెప్టెంబర్ 30తో అయిపోయింది. అందుకే నీకు కొన్ని సైట్లు వస్తాయి, కొన్ని రావు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ ఫోన్ లిస్టు మీద ఆధారపడకుండా తన లిస్టు తానే వెంట తెచ్చుకుంటుంది, నీ ఫోన్లోకి ఎక్కే వెర్షన్ దొరికితే వేసుకుని చూడు. కానీ తమ్ముడూ, ఆ ఫోన్లో బ్యాంకు పనులు పెట్టుకోకు, అప్‌డేట్లు ఆగిపోయి ఏళ్లయింది. జాబ్ రాగానే మార్చు, నేను ఫోన్ మార్చమని చెప్పేది ఈ కాలమ్ మొత్తంలో నీ ఒక్కడికే.

నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చెయ్యమని కూడా ఎవరో చెప్పారని రాశావు. చెయ్యొచ్చు, ఫోటోలూ మెసేజ్‌లూ పోవు, కానీ దాచుకున్న వైఫై పాస్‌వర్డులూ బ్లూటూత్ జతలూ అన్నీ పోతాయి. ముందు ఆ ఒక్క వైఫైని ఫర్గెట్ కొట్టి మళ్లీ కలుపు, బ్యాటరీ సేవర్ తీసెయ్, పాత ఆండ్రాయిడ్ కాబట్టి వైఫై అడ్వాన్స్‌డ్‌లో నిద్రలో కూడా వైఫై ఆన్ ఉంచాలా అని ఒకటుంటుంది, ఎప్పుడూ అని పెట్టు. అవన్నీ అయ్యాక రీసెట్.

ప్రశ్న (మహదేవపుర): సిగ్నల్ బూస్టర్ స్టిక్కర్, వైఫై బూస్టర్ యాప్, ఎక్స్‌టెండర్, ఈ మూడిట్లో ఏది కొనాలి?

జవాబు: స్టిక్కర్ బంగారు రంగు కాయితం, వద్దు. యాప్ యాంటెన్నాని పెద్దది చెయ్యలేదు, యాడ్స్ మాత్రం బాగా చూపిస్తుంది. ఎక్స్‌టెండర్, అంటే రౌటర్ సిగ్నల్ విని మళ్లీ పంచే పెట్టె, నిజమైన వస్తువే, కానీ సిగ్నల్ చచ్చిన చోట పెడితే చచ్చిన సిగ్నల్నే పంచుతుంది, రౌటర్‌కీ ఆ గదికీ మధ్యలో పెట్టాలి, ఒకే బ్యాండ్ ఉన్న చవకది అయితే వేగం సగానికి పడుతుంది, ఎందుకంటే విన్న మాటే మళ్లీ చెప్పాలి కదా. ఇంట్లో పాత రౌటర్ మూలన పడుంటే దాన్ని లాన్ కేబుల్‌తో ఆ గదిలోకి లాగి యాక్సెస్ పాయింట్‌గా, అంటే ఆ గదికి రెండో వైఫైగా పెట్టుకోవడం అన్నిటికన్నా గట్టి పని, ఖర్చు కేబుల్‌కే.

ఇది ప్రెస్‌కి పంపే ముందు రామ్మూర్తినగర్ ఆవిడ మళ్లీ రాశారు, నేను ముందే ఫోన్లో క్లుప్తంగా చెప్పా కాబట్టి అన్నీ చేసి చూశారట. ఛానల్ 1 కి మార్చాక కొంచెం నయమట. మంచం మీద అంకె మైనస్ 77, పందెం నేనే గెలిచా, గోడకి బీరువానే, సంక్రాంతికి సున్నం వేయించినప్పుడు అటు జరిపారట. కానీ అత్తయ్యగారు అది మళ్లీ జరపడానికి ఒప్పుకోలేదు, వాస్తు ప్రకారం అక్కడే ఉండాలట. చివరికి మంచాన్నే కిటికీ వైపు లాగారు, 64 కి వచ్చింది, ప్రవచనం ఆగకుండా ఆడుతోంది. ఇప్పుడు కొత్త గొడవ, మంచం మీదికి ఫ్యాను గాలి తగలట్లేదట. అది నా కాలమ్ కిందికి రాదమ్మా.